గ్యాస్ట్రిక్‌కు, గ్యాస్‌కు చుట్టరికం లేదు

కడుపు జబ్బుల పేర్లన్నీ ఒకటేనని చెప్పే సందేశం ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: గ్యాస్ట్రిక్ అంటే గ్యాస్ జబ్బు, గ్యాస్ట్రైటిస్, అల్సర్, అసిడిటీ అనేవి దానికే వైద్యులు పెట్టిన పెద్ద పేర్లు, అల్సర్ కారం తినేవారికీ, దిగులు పడేవారికీ వస్తుంది, ఛాతీలో మంట గ్యాస్ మాత్రతో తగ్గితే అది గుండె నొప్పి కాదు. నాలుగూ తప్పే. చివరిదైతే ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

మొదటి మాట చూద్దాం. గ్యాస్ట్రిక్ అనే విశేషణం ‘గాస్టెర్’ అనే గ్రీకు పదం నుంచి వచ్చింది. దానికి కడుపు అని అర్థం. గ్యాస్ అనే మాటను 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ రసాయన శాస్త్రవేత్త ‘కేయాస్’ అనే మరో గ్రీకు మాటను బట్టి కల్పించాడు. పుట్టుకా వేరు, అర్థమూ వేరు. మన పాఠ్యపుస్తకాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి: గ్యాస్ట్రిక్ జ్యూస్‌ను జఠర రసం అన్నాయి. జఠరం అంటే జీర్ణాశయం. బడిలో అది చదువుకున్న మనమే పెద్దయ్యాక “నాకు గ్యాస్ట్రిక్ ఉంది” అంటున్నాం. దాన్ని తెలుగులో పెట్టి చూడండి: “నాకు జీర్ణాశయానికి చెందిన ఉంది.” వాక్యం సగంలో తెగిపోయింది. జీర్ణాశయానికి చెందిన ఏమిటి? పుండా, వాపా, కణితా? వైద్యుడికి కావలసింది ఆ మిగిలిన సగమే.

మరి గ్యాస్ ఎక్కడిది? జీర్ణాశయంలోని గాలి చాలావరకు తింటూ, తాగుతూ మనం మింగినదే. తేన్పులుగా బయటికి వస్తుంది. కింది నుంచి పోయే వాయువు ఎక్కువగా పెద్దపేగులో పుడుతుంది. చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండిపదార్థాలను, పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెడితే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వెలువడతాయి. అది జబ్బు కాదు. జనం గ్యాస్ మాత్రలని పిలిచే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ ఈ వాయువుల జోలికి పోవు. జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తాయి. సోడియం బైకార్బొనేట్ ఉన్న మందైతే ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. అది తాగగానే పెద్ద తేన్పు వస్తే లోపల పేరుకున్న గ్యాస్ పోయిందని సంతోషిస్తారు. ఆ గ్యాస్‌లో చాలా భాగం మందు పుట్టించినదే.

పేర్లన్నీ ఒకటే అన్నది రెండో మాట. అసిడిటీ అంటే ఆమ్లత్వం. జఠర రసంలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని విలియం ప్రౌట్ అనే ఆంగ్ల వైద్యుడు 1824లోనే తేల్చాడు. అది ఆరోగ్యంగా ఉన్నవారి కడుపులోనూ ఉంటుంది, ఉండాలి కూడా. గ్యాస్ట్రైటిస్‌లోని ‘ఐటిస్’ అనే తోక శోథను, అంటే ఎర్రబడి వాయడాన్ని చెబుతుంది. హెపటైటిస్‌లో అది కాలేయానికి, అపెండిసైటిస్‌లో ఉండుకానికి, కొలైటిస్‌లో పెద్దపేగుకు వచ్చింది. గ్యాస్ట్రైటిస్‌లో జీర్ణాశయపు లోపలి పొరకు. అల్సర్ అంటే పుండు. అక్కడ పొర తెగి, గాయం లోతుకు దిగుతుంది. అది రక్తనాళాన్ని తాకితే నెత్తురు కారుతుంది. గోడను దాటితే చిల్లు పడుతుంది. కడుపులో కారిన నెత్తురు జీర్ణమై మలం తారులా నల్లగా, జిగటగా వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ మలం నల్లబడుతుంది కాబట్టి ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. కానీ అన్నీ ఒకటే జబ్బని నమ్మినవారు ఆ రంగు చూసి కూడా మరో గ్యాస్ మాత్ర వేసుకుని పడుకుంటారు. ఈ సందేశం మీద నాకు కోపం వచ్చేది అందుకే.

ఇక కారం, దిగులు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు రోగుల జీర్ణాశయాల నుంచి మెలికలు తిరిగిన ఒక బ్యాక్టీరియాను తీసి పెంచగలిగారు. నేడు దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. అంతటి ఆమ్లంలో క్రిములు బతకవని నమ్మిన కాలమది. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజుల్లో వాంతులు పట్టుకున్నాయి. పరీక్షలో గ్యాస్ట్రైటిస్ తేలింది. అల్సర్ రాలేదు. పేర్లన్నీ ఒకటే అయితే ఈ తేడాను రాసుకోవలసిన పనే ఉండేది కాదు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అల్సర్‌కు మరో పెద్ద కారణం ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు. జీర్ణాశయపు గోడకు రక్షణగా ఉండే జిగురు పొరను ఇవి బలహీనపరుస్తాయి. అప్పటికే ఉన్న మంటను కారం పెంచవచ్చు, అంతే. ‘స్ట్రెస్ అల్సర్’ అనే మాట వైద్యంలో ఉన్నమాట నిజమే. అక్కడ స్ట్రెస్ అంటే ఒళ్లు తీవ్రంగా కాలడం, పెద్ద దెబ్బలు తగలడం, ఐసీయూలో ఉండవలసినంత జబ్బు చేయడం వల్ల శరీరం మీద పడే భారం. ఆ మాటను మనోవేదనగా అర్థం చేసుకుని, రెండు వారాల యాంటీబయాటిక్ చికిత్సతో మానగల పుండును ఏళ్ల తరబడి పథ్యంతో మోస్తున్నవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది.

గుండెల్లో మంట అన్న పేరులోనే చిక్కుంది. మంట పుట్టేది గుండె వెనుకగా దిగే అన్నవాహికలో, ఆమ్లం పైకి ఎగదన్నినప్పుడు. తిరగేసిన చిక్కు ఇంకొకటి: ఎండోస్కోపీ రిపోర్టులో ‘కార్డియా’ అని చూసి గుండె జబ్బనుకుని హడలిపోతారు. అన్నవాహిక వచ్చి కలిసే చోట జీర్ణాశయపు పైభాగానికి అది పేరు. పేర్లే కాదు, నొప్పులూ ఇలాగే కలగలుస్తాయి. గుండె కింది గోడకు రక్తం ఆగినప్పుడు నొప్పి పొట్ట పైభాగంలో తెలియవచ్చు. వికారం, తేన్పులు కూడా రావచ్చు. మధుమేహం ఉన్నవారిలో, వృద్ధుల్లో నొప్పే సరిగా తెలియకపోవచ్చు. గుండె నొప్పి మధ్యలో దానంతట అదే కాసేపు సర్దుకోవచ్చు; సరిగ్గా అప్పుడే మాత్ర వేసుకుని ఉంటే ఘనత మాత్రకు దక్కుతుంది. కాబట్టి మాత్రతో తగ్గడం పరీక్ష కాదు. చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే మాత్ర పనిచేస్తుందేమో చూద్దామని ఆగకుండా అంబులెన్స్‌ను పిలవండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా, రక్తంలో ట్రోపోనిన్‌ను (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్‌ను) మళ్లీ చూడాలి, కొన్ని గంటలు ఉండండి అని చెబుతారు. ఉండండి.