కెమెరా వంకర, గోడ నిటారు

నిన్న ఒక ఫ్రెండ్ తను తీసిన రాక్ క్లైంబింగ్ ఫోటో పంపాడు, "చూడరా, ఎంత నిటారు గోడో" అని. చూశాను. ఎక్కేవాడి నడుముకి తగిలించుకున్న క్విక్‌డ్రాలన్నీ (తాడు తగిలించే లోహపు క్లిప్పుల జతలు) ఫ్రేములో ఐమూలగా ఒక పక్కకి లాగినట్టున్నాయి. గాలేమోలే అనుకుందామంటే లోహపు క్లిప్పులు గాలికి అలా ఒకే కోణంలో బిగుసుకుపోవు కదా. వెనకున్న చెట్లు కూడా అటే వాలి ఉన్నాయి. అంటే గోడ వాలుగానే ఉంది, మనవాడు కెమెరా వంచాడు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. స్లాబ్, అంటే ఇలా వాలుగా ఉన్న రాతి గోడ, సులువని ఎవరన్నారు? పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బూటు రబ్బరుకీ రాయికీ మధ్య ఒరిపిడి తప్ప వేరే ఆధారం ఉండదు, అడుగు మార్చాలంటేనే కాళ్లు వణుకుతాయి. ఆ భయం స్లాబ్‌కే సొంతం. దాన్ని చూపించడం చేతగాక ఫోటోని తిప్పేసి నిలువు గోడ చేస్తే, ఎక్కినవాడు అసలు చేసిన పని చెరిపేసినట్టే. ఆపై అడిగితే "లెన్స్ వైడ్ కదా, అలాగే వస్తుంది" అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఇక రెండో రకం, నేల మీద నిలబడి పైకి ఎత్తి తీసేవాళ్లు. ఏమొస్తుంది? పిర్రలు, బూటు అడుగులు, కొంచెం ఆకాశం. మొహం కనిపించదు, చేతులు దేన్ని పట్టుకున్నాయో తెలియదు, గోడేమో కుంచించుకుపోయి అసలు ఎత్తులో సగం కూడా అనిపించదు. ఓవర్‌హ్యాంగ్, అంటే మన మీదికి వాలిన గోడ అయితే పక్క నుంచి తియ్యాలి, అప్పుడే అది ఎంత ముందుకు వాలిందో తెలుస్తుంది. మొహం, వేళ్లు, కింద ఖాళీ మూడూ ఒకే ఫ్రేములో కావాలంటే మాత్రం పైకి వెళ్లక తప్పదు. అంటే ముందుగా పైన రాతికి గట్టిగా బిగించిన యాంకర్‌కి స్టాటిక్ తాడు, అంటే సాగని తాడు కట్టుకోవాలి, రాతి అంచు తాడుని కోయకుండా మెత్త వెయ్యాలి, తాడుని కరిచిపట్టుకునే జూమర్లనే బిగింపులతో పైకి పాకాలి, ఎక్కేవాళ్ల దారికి నేరుగా పైన కాకుండా కొంచెం పక్కకి వేలాడాలి. ఒక్క ఫోటో కోసం ఇంత చాకిరీ ఎవరు చేస్తారు అనుకుంటే సరే, చెయ్యకండి, కానీ కెమెరా మాత్రం వంచకండి.

నేనేదో పుట్టుకతోనే నేర్చుకుని వచ్చానని కాదు. మొదటిసారి ఓవర్‌హ్యాంగ్ దగ్గర వేలాడినప్పుడు తాడు గోడకి దూరంగా గాల్లో ఉంది, కాళ్లకి ఏదీ అందలేదు. మెల్లగా తిరగడం మొదలైంది. ఎక్కేవాడు అసలైన మూవ్‌కి వచ్చి, ఊపిరి బిగబట్టి, ఎడమ చెయ్యి విసిరిన ఆ క్షణానికి నా వీపు వాడి వైపు ఉంది. నేను ఎదురుగా ఉన్న లోయని చాలా శ్రద్ధగా చూస్తున్నాను. పక్కన రాతిలో బిగించిన బోల్టుకి ఒక స్లింగ్‌తో (పట్టీతో) నన్ను నేను లాక్కుని కట్టుకోవాలన్న ఇంగితం ఆ తర్వాత వచ్చింది. ఇంకోసారి తాడు మీద వేలాడుతూ లెన్స్ మారుస్తుంటే మూత జారింది. టక్, టక్, టక్ అని రాయికి కొట్టుకుంటూ వెళ్లి సరిగ్గా కింద ఎక్కేవాడి తాడు పట్టుకుని ఉన్న బిలేయర్ పక్కనే పడింది. వాడు హెల్మెట్ కింద నుంచి పైకి చూశాడంతే, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి పైన లెన్స్ మార్చను, బాడీకి, లెన్స్‌కి, చివరికి మూతకి కూడా తాడు ఉంటుంది.

అసలు కెమెరాతో మనం అక్కడ ఉండటమే ఎక్కేవాళ్లకి ఒక బరువని చాలామందికి తట్టదు. 2017 జూన్ 3న అలెక్స్ హొనాల్డ్ అనే క్లైంబర్ అమెరికాలోని యోసెమిటీలో సుమారు 900 మీటర్ల ఎల్ కాపిటాన్ రాతి గోడని తాడు లేకుండా ఎక్కాడు. దాన్ని కెమెరాతో తీసినవాళ్లంతా స్వయంగా ఆరితేరిన క్లైంబర్లు. అయినా అన్నిటికంటే కష్టమైన చోట మనిషిని పెట్టలేదు, దూరం నుంచి నడిపే కెమెరాలు పెట్టారు, పక్కన కన్ను ఉందన్న ధ్యాస కూడా వాడికి రాకూడదని. మరి మనవాళ్లు? వేళ్లు ఊడిపోయేలా పట్టుకున్నవాణ్ణి "బ్రో, ఒక్కసారి ఇటు చూడు" అంటారు. అవతల వాడికి ముంజేతులు బిగుసుకుపోతున్నాయయ్యా!

గోడ తెలిసినవాడు తీస్తే తేడా వేరు. 1986లో వోల్ఫ్‌గాంగ్ గుల్లిక్ అనే క్లైంబర్ యోసెమిటీలో సెపరేట్ రియాలిటీ అనే, తల మీద కప్పులా ఉన్న రాతిలోని పగులుని తాడు లేకుండా దాటుతుంటే ఫోటో తీసింది హైంజ్ జాక్. 2005లో ఆ జాక్ తనే దాన్ని తాడు లేకుండా ఎక్కాడు. అంత అందరివల్లా కాదు, నా వల్ల అసలు కాదు. కానీ తీసే రూటు మీద తాడు కట్టుకుని ఒకసారి ఎక్కి చూడొచ్చుగా, ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది, షట్టర్ ఎప్పుడు నొక్కాలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

ఫ్రెండ్ పంపిన ఫోటోని క్విక్‌డ్రాలు నిటారుగా వేలాడేదాకా తిప్పి చూశాను. స్లాబ్ బయటపడింది. ఎక్కేవాడి కుడి మడమ బాగా కిందికి దిగి ఉంది, బూటు ముందు భాగమంతా రాయికి ఒత్తుకుని ఉంది, ఆ పాదం కింద మెట్టు కాదు కదా చిన్న గరుకు కూడా లేదు. అక్కడికే క్రాప్ చేసి వాడికి తిరిగి పంపాను. చూశాడు, జవాబు మాత్రం రాలేదు.