ఆదివారం ఎవరిదండీ?

చర్చిలో ఆరాధన తొమ్మిదిన్నరకైతే పదింపావుకి రావడం, వాక్య ప్రసంగం మధ్యలో ఫోన్ తీసి క్రికెట్ స్కోరు చూడడం, ఆశీర్వాదం పూర్తికాకముందే చెప్పుల కోసం తోసుకోవడం! ఏమిటండీ ఆ తొందర? మటన్ కొట్టు దగ్గర క్యూ పెరిగిపోతుందనా? పైగా పాస్టరుగారు లాగదీశారని సణుగుడు. మూడు గంటల సినిమాకి రాని నడుంనొప్పి చర్చిలోనే ఎందుకొస్తుందో!

బైబిల్లో నిర్గమకాండం 20వ అధ్యాయం చదివారా అసలు? విశ్రాంతి దినాన పనివాళ్లకీ, ఆఖరికి పశువులకీ కూడా పని చెప్పకూడదని ఉంది. మరి బిర్యానీకి ఉల్లిపాయలు తరగడానికి పనమ్మాయిని ఆరింటికే రమ్మంటామే, ఆమెకి చర్చి ఉండదా? మధ్యాహ్నం ప్లాటు చూడ్డం, సాయంత్రం పిల్లాడి ట్యూషన్, రాత్రి ఆఫీసు మెయిళ్లు. దేవుడికి దక్కింది కానుక సంచిలో పది రూపాయల నోటు. అదీ కొట్టువాడు తీసుకోనన్నది!