టీవీకి గడ్డం

టీవీ అట్టపెట్టె మీద అచ్చేసిన బొమ్మలో ఎప్పుడూ ఒక్క వైరు కూడా ఉండదు. తెల్లటి గోడ, మధ్యలో టీవీ, తెర నిండా మంచుకొండ. కరెంటు ఎక్కణ్ణించి వస్తుందో, చానళ్లు ఎటు నుంచి దిగుతాయో ఆ బొమ్మ వేసినవాడికే తెలియాలి. ఆ బొమ్మ చూసే మనం టీవీ కొంటాం. బిగించడానికొచ్చిన కుర్రాడు గోడకు బెజ్జాలు వేసి, స్టాండు బిగించి, టీవీ తగిలించి, ఫోటో తీసుకుని, ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోతాడు. వైర్ల సంగతి అడిగితే, అది తన డ్యూటీ కాదంటాడు. నిజమే, కాదు.

నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంట్లో 43 అంగుళాల టీవీ అట్లాగే గోడెక్కింది. కిందికి కరెంటు వైరు, సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ, ఇంటర్నెట్ బాక్సుది ఒకటి, స్పీకరుది ఇంకొకటి వేలాడుతున్నాయి. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏందబ్బయా, టీవీకి గడ్డం మొలిచిందే!" అంది. ఆ మాట మా ఆవిడ చెవిన పడింది. ఉగాదికి ఆత్మకూరు నుంచి పెదనాన్న వాళ్లు వస్తున్నారు. వాళ్లొచ్చేలోగా గడ్డం గీయించాల్సిందేనని ఇంట్లో తీర్మానమైపోయింది.

తేలికైన దారి ఉంది. ఎలక్ట్రికల్ షాపులో ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ దొరుకుతుంది. వైర్లన్నీ అందులో పెట్టి మూత నొక్కి, పైన గోడ రంగు పూస్తే పని అయిపోతుంది. నేను ఆ మాటే అన్నాను. కానీ అప్పటికే కావలి నుంచి మా బావమరిది దిగి ఉన్నాడు. వాడు వీడియోలు చూస్తాడు.

"పట్టీ కనపడద్ది గదా బావా! గోడలోపలికి పంపిస్తే అసలు వైరనేదే ఉండదు."

వాళ్లక్క తమ్ముణ్ణి మెచ్చుకోలుగా చూసింది. ఇక నా పాత్ర టార్చి లైటు పట్టుకోవడం వరకే.

ఎలక్ట్రీషియన్ గోడ కోసే మిషన్‌తో వచ్చాడు. ఆ మిషన్ సంగతి తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. చక్రం గోడకు తగిలిన మరుక్షణం హాల్లో ఎవరికెవరు కనపడలేదు. సోఫా మీద దుప్పటి కప్పాం గానీ, దేవుడి పటాలకూ ఫ్యానుకూ కప్పలేదు. సిమెంటు దుమ్ము మూసిన బీరువాలోకి దూరి పట్టుచీరల మడతల్లో కూర్చుంది. దగ్గులను బట్టి మనుషుల్ని గుర్తుపట్టి, "అది అమ్మ, ఇది బావమరిది" అని లెక్క చూసుకున్నాను.

గాడిలో ముప్పావు అంగుళం పైపు పెట్టి, సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, పాత డబ్బా అడుగున మిగిలిన రంగు వేశారు. ఆ రంగు ఈ రంగుతో కలవలేదు. అది వేరే కథ.

ఇక వైరు దూర్చాలి. కేబుల్ వైరు సుఖంగా పోయింది. దాన్ని కోసి దూర్చి అవతల పిన్ను తిప్పుకోవచ్చు. హెచ్‌డీఎంఐ మాత్రం ఇరుక్కుంది. దాని తల ప్లాస్టిక్ తొడుగుతో కలిపి దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. పైపు లోపలి ఖాళీ అంతకంటే తక్కువ. మధ్యలో ఎల్బో వంపొకటి. కొబ్బరినూనె రాశారు, తీగ కట్టి లాగారు. తల కదల్లేదు.

"తల కోసి అవతల మళ్లీ కలిపేస్తా సార్. రొట్టెల పండక్కి సీరియల్ సెట్లకు ఎన్ని జాయింట్లు కొట్టలా!" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఆ తలలో 19 పిన్నులుంటాయని బావమరిది అడ్డుపడ్డాడు. ఆ రోజంతటికీ వాడు ఆడిన మంచి మాట అదొక్కటే.

మర్నాడు బేల్దారి వచ్చాడు. పనివాళ్లందరూ మొదట అడిగే ప్రశ్నే అతనూ అడిగాడు: "ఎవురు సార్ ఇట్టా కోసింది?" రెండంగుళాల పైపు పెట్టాలని, కరెంటుకు వేరే పైపు కావాలని, ప్లగ్ పాయింటు టీవీ వెనక్కి మార్చాలని తేల్చాడు. అన్నీ న్యాయమైన మాటలే. గోడ మాత్రం నాలుగున్నర అంగుళాలది. దాని అవతల వంటిల్లు.

అది సోమవారం. నెల్లూరులో సోమవారానికి ఒక విలువుంది. ఆదివారం మామిడికాయ ముక్కలేసి కాచిన చేపల పులుసు రాత్రంతా ఊరి, సోమవారానికి అసలు రుచికొస్తుంది. మా ఆవిడ వేడి చేద్దామని చట్టి మూత తీసింది. ఇటువైపు బేల్దారి ఉలి మీద గట్టిగా ఒకటి వేశాడు. పోపుడబ్బాల అరకు పక్కన గోడ పగిలి, ఉలి మొన వంటింట్లోకి తొంగిచూసింది. ఇటుక ముక్కలు పులుసులో మునిగాయి.

మా ఆవిడ బేల్దారిని ఏమీ అనలేదు. చట్టి తెచ్చి తమ్ముడి ముందు పెట్టి, "తిను" అంది.

అమ్మ వంగి చూసి, "పైపైన తీసేస్తే అడుగున ముక్క బాగానే ఉండాది" అంది.

వంటింటి బెజ్జానికి కిరాణా కొట్టు క్యాలెండరు తగిలించాం. వైర్లన్నీ లోపలికి పోయాయి. సెట్‌టాప్ బాక్సును కూడా టీవీ వెనకే దాచాడు బావమరిది. గోడ నున్నగా ఉంది. అమ్మ సీరియల్ పెట్టమంది. టీవీ రిమోట్‌తో సౌండు పెరుగుతోంది, బాక్సు రిమోట్‌తో చానల్ మారడం లేదు. బాక్సు రిమోట్ నుంచి వచ్చేది కంటికి కనపడని వెలుతురు. టీవీని చీల్చుకుని వెనక్కెట్లా పోతుంది? ఇక అమ్మ గోడకు ఆనుకుని, టీవీ అంచు దాటించి చెయ్యి వెనక్కి చాచి, తడుముకుంటూ నొక్కేది. సీరియల్ కోసం నొక్కితే రొయ్యల ధరలు వచ్చేవి. చివరికి బాక్సుకు ఒక వైరు తగిలించి, దాని కొసన రిమోట్ వెలుతురును పట్టే చిన్న కన్నును టీవీ కింద బయటికి పెట్టాం. వైర్లు దాచినందుకు కొత్తగా కొన్న వైరు అది.

ఉగాది పచ్చడి తిని పెదనాన్న సోఫాలో కూర్చున్నారు. టీవీ వంకా, గోడ వంకా చూశారు. మా ఆవిడ ఆశగా నిలబడింది.

"అబ్బయా, సెల్లు చార్జింగ్ యాడ పెట్టాల?"

హాల్లో ఉన్న ఒక్క ప్లగ్గూ టీవీ వెనక్కి పోయిందిగదా! పడగ్గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగాం. గుమ్మం దాటి హాలంతా అడ్డంగా నల్లటి వైరు. వచ్చినవాళ్లందరికీ "వైరుంది, చూసుకోని దాటండి" అని అమ్మ వాకిట్లోనే చెప్పి పంపుతోంది.

బావమరిది ఆ వైరు పక్కన గొంతుక్కూర్చుని టేపు తీశాడు. "బావా, టైల్సు రెండు లేపితే కింద నుంచి..."

వంటింట్లో చట్టి దింపిన చప్పుడైంది. వాడు టేపు జేబులో పెట్టుకున్నాడు.