సవరణ: ప్రదర్శనలోని చిత్రాలు వర్లీవి కావు, సవరలవి

పర్లాకిమిడిలో మన కళాకారుల సహకార సంఘం సభ్యులు ఏర్పాటు చేసిన ప్రదర్శన గురించి మునుపు వెలువడిన ప్రకటనలో, ఎర్రమట్టి రంగుపై తెల్లని గీతలతో ఉన్న పటాలు వర్లీ చిత్రాలని ఉంది. నిజానికి అవి ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల లాంజియా సవర గిరిజనులు ఇడితాల్ పేరిట ఇంటి గోడలపై వేసుకునే చిత్రాల సంప్రదాయానికి చెందినవి. ఈ కళకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వర్లీ కళ మహారాష్ట్రలోని పాల్ఘర్, ఠాణే ప్రాంతాలది. రెండింటిలోనూ త్రికోణాకారపు మనుషులే కనిపిస్తారు కనుక చూసేవారు తికమకపడటం సహజమే గానీ, సవర చిత్రంలో ముందుగా చుట్టూ అంచు గీసుకొని, ఆ తర్వాత లోపలికి బొమ్మలు నింపుకుంటూ వస్తారు, పైగా వర్లీలో ఉన్నంత పదునుగా ఆ త్రికోణాలు ఉండవు. అదే ప్రకటనలో కొమ్ముతో చేసిన బొమ్మల గురించి రాసినదానిలో మార్పు లేదు. అవి పర్లాకిమిడి పనితనమే.