అధ్యక్షుడు గారూ, మోటార్ వేశారా?

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నన్ను అధ్యక్షుడిని చేశారు. ఎన్నికలేం జరగలేదు లెండి, ఆ ఆదివారం మీటింగ్‌కి నేను పది నిమిషాలు లేటుగా వెళ్లా, వెళ్లేసరికి ఏకగ్రీవం అయిపోయింది, చప్పట్లు కూడా కొట్టేశారు. అప్పట్నుంచి ఈ పదవుల పేర్ల మీద నాకు పెద్ద పరిశోధన మొదలైంది, ఎందుకంటే పేరు చూస్తే అమెరికాలో ఉన్నాయనకీ నాకూ ఒకటే, పని చూస్తే పొద్దున్నే ఐదింటికి మేడెక్కి ట్యాంక్ నిండిందో లేదో చూడటం.

అసలు అధ్యక్షుడంటే పైనుండి కన్నేసి ఉంచేవాడని అర్థమట. ఆ లెక్కన టార్చిలైట్ పట్టుకుని ట్యాంక్‌లోకి వంగి చూసే నాకంటే ఆ మాటకి న్యాయం చేసినవాడు ఇంకోడు ఉండడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అయితే వీధికో అధ్యక్షుడు, పొలాలు చూసుకోడానికి సీతాధ్యక్షుడు, పడవలకి నావధ్యక్షుడు, సారా వ్యవహారానికి సురాధ్యక్షుడు. ఈ చివరి పోస్టుకి ఈ రోజు నోటిఫికేషన్ పడితే మన దగ్గర క్యూ ఎక్కడిదాకా వస్తుందో మీరే ఊహించుకోండి.

నా పరిశోధనలో తేలిన మొదటి సూత్రం ఏంటంటే, పదవి పేరు పొడుగు పెరిగేకొద్దీ మాట వినేవాళ్లు తగ్గుతారు. మా సెంటర్లో ఒక ఫ్లెక్సీ ఉంది, దాని మీద ఒక కుర్రాడు చేతులు జోడించి నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ఉంటాడు, కింద "నియోజకవర్గ యువజన విభాగం సంయుక్త సహాయ కార్యదర్శి" అని రెండు లైన్లలో రాసుంటుంది, మూడో లైన్‌కి చోటు చాల్లేదు. మొన్న అదే ఫ్లెక్సీ కింద వాళ్లమ్మ "ఒరే, పాల ప్యాకెట్ తెమ్మంటే ఇక్కడ నిలబడ్డావేంట్రా" అని అరిచింది. పరిగెత్తాడు పాపం. అంటే అమ్మ అనేది ఒకే ఒక్క మాట, రెండు అక్షరాలు, చూడండి.

ఇంకో విషయం, నిజంగా పవర్ ఉన్నవాడిని మనవాళ్లు పదవి పేరుతో పిలవరు. పెద్దాయన అంటారు, సారు అంటారు, అన్న అంటారు. ఎన్టీ రామారావుని ఊరూరా అన్న అనే పిలిచారు. ఇంకా పై లెవెల్‌కి వెళ్తే మనిషే మాయమైపోతాడు. "అధిష్ఠానం నిర్ణయించింది" అని పేపర్లో రాస్తారు కదా, ఎప్పుడైనా గమనించారా, నిర్ణయించింది! కార్పొరేటర్ అయితే నిర్ణయించారు, వార్డు మెంబర్ అయినా నిర్ణయించారు, వాళ్లందరికీ టికెట్లు ఇచ్చేది మాత్రం కుర్చీలాగా, రోలులాగా నిర్ణయించింది. ఇంత గొప్ప వ్యాకరణం ఇంకే పదవికీ లేదు. రేపు నీళ్ల విషయంలో గొడవైతే నేను కూడా "అసోసియేషన్ నిర్ణయించింది" అని బోర్డు పెట్టేద్దామనుకుంటున్నా, కొట్టడానికి ఎవరూ దొరకరు.

ప్రభుత్వం వైపు చూస్తే పేర్లు మార్చడంలో మనకి మించినవాళ్లు లేరు. ఊళ్లో కరణం, మునసబు అని అధికారులుండేవాళ్లు, 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసింది, 1985లో మండలాలొచ్చాయి, తహసీల్దారు పోయి ఎమ్మార్వో వచ్చాడు, కొన్నేళ్లకి మళ్లీ తహసీల్దారే వచ్చాడు, జనం మాత్రం ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసు అనే అంటున్నారు. ఇంతకీ తహసీల్ అంటే వసూలు. ఆయన పైన ఉండే కలెక్టర్ అన్నా ఇంగ్లీషులో అదే, కంపెనీవాళ్ల రోజుల్లో శిస్తు వసూలు చేయడానికి పెట్టిన పేరు. అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఇద్దరికీ పేర్లు పెట్టినవాళ్లు దాపరికం లేకుండానే పెట్టారు, మనమే పాలకులు అని తర్జుమా చేసుకున్నాం.

సర్పంచ్ అంటే అయిదుగురికి పెద్ద. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో ఆ కుర్చీల్లో మూడో వంతు ఆడవాళ్లకి వచ్చాయి, తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం చేశారు. దాంతో భాషకి ఒక కొత్త పదవి దక్కింది, సర్పంచ్ గారి భర్త. నేను ఒకసారి ఒక ఊళ్లో సంతకం పని మీద వెళ్లి "సర్పంచ్ గారున్నారా అండీ" అంటే అరుగు మీద పేపర్ చదువుతున్నాయన తల ఎత్తకుండా "నేనే, చెప్పండి" అన్నాడు. కాగితం మీద ఆడమనిషి పేరుందే అంటే "ఆ, ఆవిడ లోపల దోసెలు పోస్తోంది, మీరు విషయం చెప్పండి" అన్నాడు. దోసెలు మాత్రం చాలా బాగున్నాయి, అధికారికంగా సర్పంచ్ చేతి దోసె తిన్నది నేనే.

దొర గురించి ఎక్కువ రాయబుద్ధి కాదు. ఒకప్పుడు దొరతనం అంటేనే ప్రభుత్వం, తెలంగాణలో గడీ ముందు "నీ బాంచెన్ కాల్మొక్త దొరా" అన్న జనానికి అందులో నవ్వుకోడానికేం లేదు.

ఇక అన్నిట్లోకీ చిన్న మాట మేస్త్రీ. పోర్చుగీసువాళ్ల మెస్త్రే నుంచి వచ్చింది, మన మాస్టారికి వరసకి చుట్టం. తెల్లవాళ్ల రోజుల్లో విశాఖ, గోదావరి వైపు నుంచి కూలీలకి అడ్వాన్సులిచ్చి ఓడెక్కించి బర్మాలో రంగూన్ రేవుకీ బియ్యం మిల్లులకీ తీసుకెళ్లింది కూడా మేస్త్రీలే, ఆ అప్పు తీరేదాకా మనిషి వాళ్ల గుప్పిట్లోనే. మా వీధిలో ఈ మధ్య ఎవరో స్లాబ్ వేస్తుంటే చూశా. మిల్లర్ గరగరా తిరుగుతోంది, పాతికమంది తట్టలందిస్తున్నారు, వైబ్రేటర్ చప్పుడుకి మా కిటికీలు కూడా వణుకుతున్నాయి, పైన చెవిలో పెన్సిల్, తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన చెయ్యి ఎత్తి "ఆపు" అన్నాడు. అంతే, మిల్లర్ ఆగింది, తట్టలు ఆగాయి, ఇంటి ఓనర్ టీ తాగడం కూడా ఆపేశాడు. ఆయనకి ఫ్లెక్సీ లేదు.

మొన్న మా మేడ మీద లీకేజీ పనికి ఆయన్నే పిలిచాం. నేను లెటర్‌హెడ్ ఫైల్ చంకలో పెట్టుకుని, నేను ఈ బిల్డింగ్ అధ్యక్షుడిని, పని నా పర్యవేక్షణలో జరగాలి, రోజూ సాయంత్రం నాకు రిపోర్ట్ ఇవ్వాలి అని చాలాసేపు చెప్పా. ఆయన విన్నాడు, ట్యాంక్ వైపు చూశాడు, నా కాళ్ల వైపు చూశాడు.

"సారూ, కాస్త పక్కకి జరగండి, పగులు మీద నిలబడ్డారు" అన్నాడు.

జరిగాను.