ఓటీపీ వచ్చిందా నాన్నా?

మా నాన్న పోస్టాఫీసు కౌంటర్లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. చదవడం రాని వాళ్లకి మనియార్డర్ ఫారాలు నింపిపెట్టడం, సిరా ప్యాడ్ మీద వాళ్ల బొటనవేలు అద్ది ముద్ర వేయించడం ఆయనకి రోజూ పని. అలాంటి మనిషి ఇవాళ కరెంటు బిల్లు కట్టాలన్నా నాకు ఫోన్ చేస్తున్నాడు. ఆయనకి చేతకాక కాదు. ఎప్పుడో అన్నిటికీ నా నంబరు లింక్ చేసేశాం కాబట్టి ఓటీపీ ఊళ్లో ఉన్న ఆయనకి కాకుండా హైదరాబాద్‌లో మీటింగ్‌లో కూర్చున్న నాకొస్తుంది.

"చెప్పరా త్వరగా, టైమైపోతోంది."

ఇంకో తమాషా ఏంటంటే, ఓటీపీ ఎవరికీ చెప్పకు నాన్నా అని ఆయనకి వందసార్లు పాఠం చెప్పింది నేనే. ఇప్పుడు నెలకి నాలుగుసార్లు ఫోన్లో అంకె అంకె విడగొట్టి మరీ చెబుతున్నదీ నేనే. రేపు ఎవడైనా బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి అడిగితే ఆయన చెప్పేస్తే తప్పెవరిది?

టెక్నాలజీ వద్దని కాదు బాబూ, నేను తినే అన్నమే సాఫ్ట్‌వేర్. 2016లో యూపీఐ వచ్చాక చిల్లర గొడవ, చిల్లరకి బదులు చాక్లెట్ల గొడవ చాలావరకు వదిలిపోయాయి, దానికి దండం పెడతాను. నా కోపమంతా కౌంటర్లు మాయమైపోవడం మీద. 2001లో ఈసేవ వచ్చినప్పుడు కంప్యూటర్ అటువైపు ఉండేది, దాని ముందు ఒక మనిషి కూర్చునేవాడు, మనం కాగితం ఇచ్చి డబ్బు కడితే రసీదు చేతికొచ్చేది. మా నాన్న కూడా అప్పట్లో భలే ఉందిరా అన్నాడు. ఇప్పుడు ఆ గుమస్తా పని కూడా మన నెత్తినే పడింది, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం దగ్గర్నుంచి ఫలానా సైజు లోపే ఫోటో అప్‌లోడ్ చేయడం దాకా, జీతం మాత్రం లేదు.

పోయిన నవంబర్ సంగతి చెప్పాలి. పింఛనుదార్లు ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, 2014 నుంచి అది ఆధార్‌తో డిజిటల్‌గా కూడా ఇవ్వొచ్చు. నాన్న సెంటర్‌కి వెళ్లి వేలు పెట్టాడు. పడలేదు. తుడిచి పెట్టాడు, పడలేదు. పక్కవేలు, ఇంకోచెయ్యి, తడిబట్టతో రుద్ది మళ్లీ. వయసుకి గీతలు అరిగిపోయాయి మరి. లైన్లో వెనకున్నాయన విసుక్కున్నాడట. వేలమంది చేత వేలిముద్రలు వేయించిన మనిషి తన వేలు పడక తలొంచుకుని ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి అమ్మ చెబితేగానీ నాకు తెలియలేదు.

మొహం చూపించినా సరిపోతుందిలే అని ఆ శనివారం బస్సెక్కి వెళ్లాను. దానికి ఒకటి కాదు, రెండు యాప్‌లు వేయాలి. వెలుతురు సరిపోలేదని నాన్నని వసారాలోకి తీసుకొచ్చి నిలబెట్టి, కళ్లు ఆర్పు నాన్నా, ఇంకోసారి ఆర్పు అంటూ పావుగంట. "బతికున్నానని వాడికి కన్నుకొట్టాలా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

మేం ఆఫీసులో ఇలాంటివి తయారుచేసేటప్పుడు టెస్ట్ చేసేది ఎవరనుకుంటున్నారు? పాతికేళ్ల కుర్రాళ్లు, మంచి ఫోన్లు, ఏసీ గది, గట్టి వైఫై. డెబ్బై ఏళ్లాయన వేలు పడకపోతే ఏం చేయాలని ఏ మీటింగ్‌లోనూ ఎవరూ అడగలేదు, నాతో సహా.

నాన్న నంబరు మార్పించే పని పెట్టుకున్నాను, అన్నిటికీ ఆయన ఫోన్‌కే ఓటీపీ వచ్చేలా. ఆ మార్పుకి మొదట పాత నంబరుకి ఓటీపీ వస్తుందట. సరే, చెప్పు నాన్నా, రాసుకుంటున్నావా? నాలుగు, సున్నా...