మెట్ల కింది శాశ్వత సేకరణ

మన కళాసంస్థ శాశ్వత సేకరణ పెరగడం లేదని కొందరు వాపోతున్నారు. వాళ్లు స్టోర్‌రూమ్ తలుపు తీసి చూసి ఉండరు. మెట్ల కింద, బాత్రూమ్ గోడకు ఆనుకుని ఉన్న ఆ గదిలో సేకరణ రాత్రింబవళ్లు పెరుగుతూనే ఉంది. కొంత బూజుగా, కొంత చెదలుగా.

సాలార్‌జంగ్ పద్ధతి మనకు నప్పదు. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు, డబ్బుకు లోటు లేదు, నచ్చినదల్లా కొన్నాడు. ఆయన 1949లో పోతే, 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. మనకు కొనుగోలు కమిటీ ఉంది కాబట్టి కొనడం కుదరదు. అందుకే క్యాంపు పెడతాం: ఇరవై మంది చిత్రకారులు, మూడు రోజులు, మూడడుగుల కాన్వాసు, భోజనం, శాలువా. చివరి రోజు సాయంత్రానికి ఇరవై చిత్రాలు సంస్థ సొత్తు. ముగింపు సభలోపు ఆరాలి కదా, అన్నీ అక్రిలిక్కే. సేకరణలో ఎచింగులు (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు దింపి అచ్చు తీసిన బొమ్మలు) ఎన్ని, తెలంగాణ చిత్రకారుడు కాపు రాజయ్య చిత్రం ఒక్కటైనా ఉందా, ఏది లోటో ముందు రాసుకుని దాన్ని బట్టి కొనాలనేది గిట్టనివాళ్ల మాట. లోటు తెలియాలంటే ఉన్నదేమిటో తెలియాలి. అక్కడ రిజిస్టరు మౌనం వహిస్తుంది.

రిజిస్టరులో "బొమ్మ (పెద్దది) - 1" అని ఉంటుంది. చాదస్తులైతే 2024.7.3 అని నంబరు వేయమంటారు. అంటే ఆ ఏడాది ఏడో విడతలో వచ్చిన మూడో వస్తువు. దాన్ని మెత్తటి పెన్సిల్‌తో కాగితం వెనక, అంచున రాయాలట. కొలతలు, ఫొటోలు, వచ్చేనాటికే ఉన్న చిరుగులు, దాత సంతకంతో దానపత్రం కూడా కావాలట. మనం ఊదా ఇంకు బాగా అద్ది రబ్బరు స్టాంపు కొడతాం. రెండు వానాకాలాల తేమకు అది ఇటువైపు ఊరి, అమ్మవారి నుదుట గుండ్రంగా సంస్థ పేరు వెలుస్తుంది. 2018లో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి బంగారు టిఫిన్ బాక్సు పోతే కొద్ది రోజుల్లోనే దొరికింది. పోయిందేమిటో అందరికీ తెలుసు మరి. మన "బొమ్మ (పెద్దది)" పోతే పోలీసులు దేన్ని వెతకాలి? అసలు పోయిందని తెలిసేది ఎవరికి?

ఇక చెర్యాల పటం. ఖద్దరు గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మబంక నీళ్లు కలిపి పూతలు వేస్తారు. ఆ పటాలు గీసే నకాషీ కళాకారులకు అది బొమ్మ గీసే నేల, సిల్వర్‌ఫిష్ పురుగులకు ఫలహారం. కొత్తగా వచ్చిన పటాన్ని నేరుగా పాతవాటి పక్కన చేర్చడం మన సంప్రదాయం. పురుగులకూ పరిచయాలు కావాలి. నిపుణులు మాత్రం వేరే గదిలో, తెల్లకాగితం మీద కొన్ని వారాలు ఉంచి, పురుగు తొలిచిన పిండి రాలుతోందేమో చూడమంటారు. రాలితే, నేతబట్టలూ పుస్తకాలైతే పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు, విప్పితే వస్తువు మీదే నీరు పడుతుంది. పూత పెళుసెక్కిన పటాన్ని ఫ్రీజర్‌లో పెడితే రంగు పెచ్చులూడొచ్చు. దాన్ని ఆక్సిజన్ పీల్చే పొట్లాలతో సంచిలో సీలు చేసి మూడు వారాలు ఉంచాలి. ఇంత తతంగం దేనికి? మనం కలరా ఉండలు వేస్తాం. పురుగు పోతుందో లేదో గానీ ఆ వాసనకు మనుషులు రావడం మానేస్తారు. సెక్యూరిటీ గార్డు జీతం మిగిలింది.

ఏసీ కూడా ఉందండోయ్. పొద్దున పదింటికి వేసి, సాయంత్రం ఐదింటికి ఆపుతాం. జూలైలో పగలు పొడి, రాత్రి తేమ. కాన్వాసు రోజూ బిగిసి సడలుతుంది, రంగు పగుళ్లిస్తుంది. అసలు ఏసీ లేకుండా తేమ నిలకడగా ఉన్నా ఇంతకంటే నయమట. కరెంటు బిల్లు కట్టి మరీ పాడుచేయడం అందరికీ చేతకాదు.

కాగితం మీది బొమ్మకు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు చాలు, మూడు నెలలు గోడ మీద ఉంచితే ఆపై చీకట్లో విశ్రాంతి ఇవ్వాలి అంటారు. మన అధ్యక్షులవారి గదిలో జలవర్ణ చిత్రం కిటికీ ఎదుట పదకొండేళ్లుగా సేవలో ఉంది. అందులో ఆకాశం మిగల్లేదు, సంతకం మాత్రం బాగానే కనిపిస్తోంది.

చిరిగినదానికి సెల్లోటేపు వేస్తాం. నాలుగేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు దిగిన గోధుమరంగు చార ఉండిపోతుంది. శాశ్వత సేకరణలో నిజంగా శాశ్వతమైనది అదొక్కటే. ఇంకా ముందుచూపున్న వాళ్లు లామినేషన్ చేయిస్తారు.

కొత్త చిత్రాలకు చోటు చాలక ఈసారి సెల్లార్ కేటాయించారు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో సెల్లార్లు ఎలా మునిగాయో కమిటీకి తెలుసు. అందుకే చిత్రాలను నేలకు ఆరంగుళాల ఎత్తున, ఇనుప అరల్లో పెట్టాలన్న సూచనను సీరియస్‌గా పరిశీలించి, మినిట్స్‌లో రాసి, ఆ మినిట్స్ పుస్తకాన్ని బీరువాలో, పై అరలో భద్రపరిచారు.

వచ్చే ఆదివారం మళ్లీ క్యాంపు. ఇరవై కాన్వాసులు వస్తాయి. స్టోర్‌రూమ్ తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసినవారు శనివారంలోగా ఆఫీసులో చెప్పగలరు.